నాలుగు రంగుల వరద

అన్న చూపు పోతోందన్న సంగతి మాకు ఒక చీర కొంగు వల్ల తెలిసింది.

అప్పుడు అన్న, మావాళ్లు పనికి వలస వచ్చిన తాపీ నది ఒడ్డు ఊరి శివార్లలో, జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో గ్రాఫులు తీసేవాడు. చీర నేతలో ఏ పువ్వు ఎక్కడ రావాలో కంప్యూటరు మీద గడి గడిగా నింపడమే గ్రాఫు తీయడం. గడి నిండితే ఒక దారం పైకి లేస్తుంది, ఖాళీగా ఉంటే లేవదు. పదేళ్లుగా అదే పని. ఆ రోజు ఒక కొంగు గ్రాఫులో కుడి చివరి గడులు నింపకుండా వదిలేశాడు. మగ్గాలకు తప్పొప్పులు తెలియవు కదా, నేసుకుంటూ పోయాయి. షిఫ్టు మారేటప్పుడు ఎవరో బట్ట ఎత్తి చూస్తే, అంచు దగ్గరి పువ్వులన్నిటికీ ఒక పక్క రేకులు లేవు.

కార్ఖానా యజమాని శేఠ్ కేకలు వేయలేదు. అన్నను తెర ముందు కూర్చోబెట్టి, కుడి మూల వేలు పెట్టి, "ఇక్కడ ఏముంది?" అని హిందీలో అడిగాడట. అన్నకు ముందు ఆయన వేలు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. తల మొత్తం తిప్పి, తెర మీద అటూ ఇటూ చూసి, చివరికి పట్టుకున్నాడు. శేఠ్ అదంతా చూస్తూ నిలబడి, "కళ్లు చూపించుకో బేటా, తరవాత పనిలోకి రా" అన్నాడు. ఆ 'తరవాత' ఎప్పటికీ రాలేదు.

నిజానికి మాకు ముందే తెలియాలి. చిన్నప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాటితే అన్న గడప దాటేవాడు కాదు. పిరికివాడని నేను ఎగతాళి చేసేదాన్ని. నాన్న కూడా నవ్వేవాడు. నాన్న నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. ఆయన ఉండి ఉంటే ఆ నవ్వులకు ఇప్పుడు ఎంత బాధపడేవాడో అనుకుంటాను. పాండేసరలో మా రెండు గదుల ఇంట్లో మిగిలింది అమ్మ, అన్న, నేను. అమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించేది. నేను రింగు రోడ్డు మీద, బట్టల వ్యాపారులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని.

కళ్ల డాక్టరమ్మ మన భాష మనిషే అని తెలిసి అమ్మకు సగం ధైర్యం వచ్చింది. ఆవిడది గోదావరి వైపు. అన్న గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నేను పక్కనే ఉన్నాను. చుక్కలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. అన్న బొటనవేలు చాలాసేపు కదలలేదు. కదిలినప్పుడు గబగబా నాలుగైదుసార్లు నొక్కి మళ్లీ ఆగిపోయింది. కాగితం బయటికి వచ్చింది. అంతా నలుపు, మధ్యలో మాత్రం రూపాయి బిళ్లంత తెలుపు.

"చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోందండీ," అన్నది డాక్టరమ్మ. "మధ్యలో మిగిలింది ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. కొందరికి చాలాకాలం ఉంటుంది."

"మందు లేదా డాక్టరమ్మా?" అన్నది అమ్మ.

"దీనికి ఇప్పటికైతే లేదమ్మా." ఆవిడ కాగితం పక్కన పెట్టి అడిగింది. "మీది మేనరికమా?"

"అవును. మా మేనమామనే చేసుకున్న."

"ఇది కొన్ని కుటుంబాల్లో రక్తంలో వస్తుంది. మేనరికాల్లో కొంచెం ఎక్కువగా కనబడుతుంది. మీ తప్పని కాదమ్మా, నేను అడగాలి కాబట్టి అడిగాను."

అమ్మ చెవిలో ఆ మాటల్లో మొదటి సగమే పడింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ నన్ను కూడా పరీక్ష చేయించుకోమంది. వచ్చే వారం వస్తానన్నాను. పోలేదు.

పని పోయాక అన్న రోజంతా ఇంట్లో గోడకానుకుని కూర్చునేవాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏవో వినేవాడు. ఒక ఆదివారం నేను లాప్‌టాప్‌లో కొత్తగా వచ్చిన ఒక గేము ఆడుతుంటే పక్కకు వచ్చి కూర్చున్నాడు. తెర నిండా అడవి, వాన, గుర్రాలు. కాసేపు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమైందన్నా?"

"ఒక ఆకు చూసేలోపట గుర్రం పోతున్నది. గుర్రాన్ని పట్టుకుంటే మనిషి లేడు. నాకు తల తిరుగుతున్నది."

నాకు ఏం చేయాలో తోచక చిన్నప్పటి గేము ఒకటి వెతికి పెట్టాను. మా చిన్నతనంలో నాన్న ఆదివారం బజారులో కొన్న టీవీ గేము అది. పసుపుపచ్చ క్యాసెట్టు గుచ్చితే ఆడేది. వేసవి సెలవులన్నీ దాని ముందే గడిపాం. పెద్ద తెర మీద అది పోస్టుకార్డంత కిటికీలో తెరుచుకుంది. దాన్ని పెద్దది చేయబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. గట్లనే ఉండనియ్యి." ముఖం కొంచెం వెనక్కి జరిపాడు. "గిది మొత్తం కనవడుతున్నది. నాలుగు మూలలు కనవడుతున్నయి."

ఆ పూట అన్న రెండు గంటలు ఆడాడు. చాలాచోట్ల ఓడిపోయాడు, అయినా లేవలేదు. అమ్మ అన్నం తినమని మూడుసార్లు పిలిచింది.

మేమిద్దరం ఒక గేము చేయాలన్న మాట ఆ వారంలోనే వచ్చింది. అన్నదే ఆ మాట. బొమ్మలు తను వేస్తానన్నాడు, ప్రోగ్రాము నన్ను రాయమన్నాడు. నాకు అప్పటికే ఈ లోకం కొంత తెలుసు. ఒక్కరో ఇద్దరో కూర్చుని, పాత యంత్రాల మీద ఆడిన ఆటల తీరులోనే కొత్త గేములు చేసి అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆ పాత రూపాన్ని మాత్రమే తీసుకుంటారు. లోపల కొత్త కంప్యూటరు చేయగలిగినవన్నీ చేయించుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అన్న ఒప్పుకోలేదు.

"ఆ మిషన్‌ల ఏం కాకపోతుండెనో, మన దాంట్ల గూడ కావద్దు," అన్నాడు.

"ఎందుకన్నా? ఎవరు చూడొచ్చిన్రు?"

"చూసెటోళ్ల కోసం కాదు. లెక్క ఉంటే నాకు యాదికుంటది. లెక్క లేకపోతే నేను పట్టుకోలేను."

దాని అర్థం నాకు అప్పుడు సరిగ్గా తెలియలేదు. ఆ పాత టీవీ గేము యంత్రం లెక్క ఇది: తెర అడ్డంగా రెండు వందల యాభై ఆరు చుక్కలు. బొమ్మంతా పలకలతో పేర్చాలి. ఒక్కో పలక ఎనిమిది చుక్కలకు ఎనిమిది చుక్కలు. ఒక పలకలో వెనక రంగుతో కలిపి నాలుగు రంగులకు మించి ఉండకూడదు. దాచుకోవడానికి ఉండేది రెండు వందల యాభై ఆరు పలకలే కాబట్టి, గోడ పలకనే మెట్టుకూ వాడాలి, మెట్టు పలకనే నీడకూ వాడాలి. ప్రతి పలకకూ ఒక అంకె. గ్రాఫుల పనిలో పదేళ్లు గడిపిన అన్న ఆ అంకెలన్నీ నెల తిరక్కుండా కంఠతా పట్టాడు. "ముప్ఫై ఏడు" అంటే తడిసిన ఇటుక. "నూట రెండు" అంటే రేకుల కప్పు అంచు.

గేము వరద గురించి. మా చిన్నప్పుడు తాపీ నది ఊళ్లోకి వచ్చింది. అప్పుడు మేము వేడ్ రోడ్డు వైపు ఉండేవాళ్లం. నాన్న మా ఇద్దరినీ చెరో భుజాన ఎత్తుకుని ఇంటి యజమాని మిద్దె మీదికి చేర్చాడు. మూడు రోజులు అక్కడే. అటుకులు, బెల్లం, వాన నీళ్లు. కింద గల్లీలో మగ్గాల దారపు కండెలు వందలు వందలు తేలుతూ పోయాయి. మా గేములో ఆడేవాళ్లు మిద్దె మీద నుంచి మిద్దె మీదికి దాటుతూ, గల్లీలో చిక్కుకున్న మనుషులను ఒక్కొక్కరినే పైకి చేర్చాలి. నీళ్లు పెరుగుతూ ఉంటాయి. కొట్లాట లేదు, శత్రువు లేడు.

నీళ్లు పారించడం ఎలాగో అన్నే చెప్పాడు. చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని కనిపెట్టాడట. పాత ఆటల్లో సెలయేరు బొమ్మ అసలు కదలదు. నీళ్లను నాలుగు రంగుల చారలుగా ఒకసారి గీసేస్తారు. ఆ తరవాత మొదటి రంగు రెండోదవుతుంది, రెండోది మూడోదవుతుంది, చివరిది మళ్లీ మొదటికి వస్తుంది. చుక్క ఒక్కటి కూడా చోటు మారదు, రంగులు మాత్రమే చేతులు మారతాయి. కంటికి మాత్రం నీళ్లు పారినట్టే ఉంటుంది. నేను అది రాసి నడిపించిన సాయంత్రం, బురద రంగు వరద మా చిన్న కిటికీలో మెల్లగా కదిలింది. అమ్మ చీర పక్కన పెట్టి వచ్చి చూసింది.

"గిది మన గల్లీ లెక్కనే ఉన్నదిరా," అన్నది.

"మన గల్లీనే అమ్మా," అన్నాడు అన్న.

డాక్టరు దగ్గర నుంచి వచ్చాక వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మొదటి ఏడాది అలా బాగానే నడిచింది. పొద్దున నేను ఆఫీసుకు పోయేలోపు అన్న కూర్చునేవాడు. నేను తిరిగి వచ్చేసరికి పది పన్నెండు పలకలు తయారుగా ఉండేవి. తరవాత అవి ఎనిమిదయ్యాయి, నాలుగయ్యాయి. నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

డబ్బా టీవీ సంగతి అప్పుడే వచ్చింది. నీళ్లలో మునిగిన మెట్లు లీలగా కనబడాలి. పాత యంత్రానికి అలా చూపించడం చేతకాదు. దానికి ఆ కాలపు బొమ్మలవాళ్లు ఒక ఉపాయం పట్టారు. ఒక చుక్క బురద రంగు, పక్క చుక్క ఖాళీ, మళ్లీ బురద రంగు, ఇలా చదరంగం గళ్లలా వేస్తారు. పాత టీవీ అద్దం మీద ఆ చుక్కలు ఒకదానిలోకి ఒకటి కరిగి, పల్చటి నీటి పొరలా కనబడతాయి. నా లాప్‌టాప్ మీద మాత్రం గళ్లు గళ్లుగానే కనబడ్డాయి.

"టీవీల గిట్లుండదు. కలిసిపోతది. ఒక్కసారి టీవీల పెట్టి చూడాలె," అన్నాడు అన్న.

ఇప్పుడు డబ్బా టీవీ ఎవరింట్లో ఉంది? పాత సామాన్లు కొనే భంగార్ దుకాణాలు ఉన్ పేట వైపు ఉంటే, రెండు ఆదివారాలు అక్కడ తిరిగాను. చాలావాటిని లోపలి రాగి కోసం అప్పటికే పగలగొట్టేశారు. చివరికి ఒకాయన వానకు తడవకుండా మూలన పెట్టిన ఒక టీవీ చూపించాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. లాప్‌టాప్‌కూ టీవీకీ మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టి, ఎరుపు, తెలుపు, పసుపు తీగలు కలిపాను. టీవీ కాసేపు గురగురలాడి వెలిగింది.

నేను నోరు తెరుచుకుని చూశాను. గళ్లు పోయాయి. నీటి కింద మెట్లు, మెట్ల మీద ఎవరిదో చెప్పు, అంతా బురద నీటిలోంచి కనబడ్డట్టే ఉంది. మా వరద అక్కడ నిజంగా లోతుగా ఉంది.

"అన్నా, నువ్వు చెప్పినట్టే అయింది. కలిసిపోయినయి. చూడు."

అన్న టీవీకి దగ్గరగా జరిగాడు, వెనక్కి జరిగాడు. లాప్‌టాప్ వైపు చూశాడు. మళ్లీ టీవీ వైపు చూశాడు. అలా మూడుసార్లు చేశాడు.

"నాకు రెండూ ఒక్కతీరే ఉన్నయి చెల్లె," అన్నాడు.

"ఏ రెండు?"

"అండ్ల గూడ గళ్లు కనవడ్తలేవు, ఇండ్ల గూడ కనవడ్తలేవు. మొన్నటి సంది లాప్‌టాప్‌ల గూడ కలిసిపోయే ఉంటున్నయి. నువ్వు గళ్లు గళ్లు అంటుంటే, ఉంటయేమో అనుకున్న."

మధ్యలో మిగిలిన ఆ రూపాయి బిళ్లంత చూపు కూడా మసకబారుతోందని అప్పుడు అర్థమైంది. టీవీ కోసం నన్ను పంపింది తన జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకుని. నేను టీవీ కట్టేయబోయాను.

"ఉండనియ్యి. నువ్వు చూడు. ఎట్లుందో నాకు చెప్పు," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆపి, టీవీ మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. "చెప్పు," అన్నాడు. చెప్పాను.

ఆ తరవాత అన్న చేత్తో బొమ్మ వేయలేదు. అంకెలు చెప్పేవాడు, నేను పేర్చేదాన్ని. "అయిదో వరుస, ఎడమ నుంచి పదకొండు, ముప్ఫై ఏడు పెట్టు. దాని పక్కన మల్ల అదే, కానీ తిరగేసి." లెక్క ఉంటే యాదికుంటది అని మొదటి వారంలోనే ఎందుకన్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఇలాంటి రోజు వస్తుందని తను అప్పుడే లెక్కలోకి తీసుకున్నాడు. నేనే తీసుకోలేదు.

కొత్త పలక కావలసి వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది అయ్యేది. ఎనిమిదికి ఎనిమిది చుక్కల్లో ఒక ముసలావిడ ముఖం రావాలి. నోటితో ఎలా చెబుతాడు? అమ్మ రెండు రోజులు మా తంటా చూసి, మూడో రోజు ఒక అట్ట మీద సూదితో గీతలు గీకి, చీరలకు అతికించే రాళ్లు తెచ్చి అన్న ముందు పెట్టింది. గుండ్రటి రాయి ఒక రంగు, చదరపు రాయి ఒక రంగు, కోలరాయి ఒక రంగు, ఏమీ లేకపోతే వెనక రంగు. అన్న వేళ్లతో తడిమి చూసి, "గీడ గుండ్రంది తీసి కోలది పెట్టమ్మా" అనేవాడు. అమ్మ తీసి పెట్టేది. ముసలావిడ ముఖానికి వాళ్లకు నాలుగు రోజులు పట్టింది. నేను దాన్ని తెర మీదికి ఎక్కిస్తే మా నాయనమ్మలా ఉంది. అంటే అమ్మకు అమ్మమ్మ కూడా.

అలా రాళ్లు సర్దుతున్న ఒక మధ్యాహ్నమే అమ్మ ఉన్నట్టుండి అన్నది. "నాకు అప్పుడు పద్నాలుగేండ్లు బిడ్డా. మామను చేసుకోమన్నరు. వద్దనాలని నాకు ఎర్క గూడ లేకుండె."

అన్న అట్ట మీద వేళ్లు తీయకుండానే అన్నాడు. "నిన్నెవరన్నరమ్మా ఇప్పుడు?"

"ఎవరంటరు. నేనే అనుకుంటున్న."

అన్న వేళ్లు అట్ట మీద ఒక వరుస కిందికి జరిగాయి. కాసేపటికి, "మూడో వరుసల ఒక రాయి ఊడింది చూడు," అన్నాడు. అమ్మ వంగి అతికించింది. అదొక్కసారే ఆ మాట వచ్చింది మా ఇంట్లో.

నా పరీక్ష సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. సంధ్యవేళ మిల్లుల నుంచి వచ్చే సైకిళ్ల మధ్య నడుస్తూ, అన్నీ కనబడుతున్నాయా లేదా అని నన్ను నేను పరీక్షించుకునేదాన్ని. కనబడుతూనే ఉన్నాయి అనుకునేదాన్ని. కనబడనిది కనబడటం లేదని ఎలా తెలుస్తుంది? అన్నే ఒకరోజు అడిగాడు.

"నువ్వు పోయొచ్చినవా డాక్టరు దగ్గరికి?"

"పోతా."

"గేము అయిపోయేలోపు పో. ఇద్దరం గుడ్డోళ్లమైతే ఎవరు పూర్తి చేస్తరు?"

నవ్వుతూనే అన్నాడు. నేను మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. అదే యంత్రం, అదే బొత్తాం. చుక్కలన్నీ కనబడ్డాయి. మూలల్లోవి, పైనవి, అన్నీ. నొక్కుతున్న కొద్దీ ఏడుపు వచ్చింది. కాగితం తెల్లగా వచ్చింది. "మీకేం లేదండీ, ఇంక భయపడకండి," అన్నది డాక్టరమ్మ. ఇంటికి నడిచే వచ్చాను. ఎలా చెప్పాలో సర్దుకోవడానికి ఆ దూరం సరిపోలేదు.

"బాగున్నయా?" అన్నాడు అన్న, చెప్పుల చప్పుడు వినగానే.

"బాగున్నయి."

"మంచిగయింది." అట్ట పక్కకు జరిపి మళ్లీ, "మంచిగయింది," అన్నాడు.

ఆ తరవాత ఎనిమిది రోజులు తను పనిలో కూర్చోలేదు. తల నొప్పి అన్నాడు, ఉక్క అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా కళ్లు బాగుండటం నా తప్పా అని అడగాలనిపించింది. అడగలేదు. తొమ్మిదో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అట్ట ముందేసుకుని ఉన్నాడు. "ఎక్కడిదాక వచ్చినం?" అన్నాడు. నేనూ ఏమీ జరగనట్టే చెప్పాను. అసూయ తప్పు కాదని చెప్పడానికి నాకు మాట దొరకలేదు. తనకు ఆ మాట వద్దని కూడా అనిపించింది.

గేము పూర్తి కావడానికి మూడేళ్లు పట్టింది. చివర్లో ఒక విషయం మీద మేము గొడవపడ్డాం. పాత యంత్రం ఒక అడ్డు గీత మీద ఎనిమిది కదిలే బొమ్మలకు మించి చూపలేదు. తొమ్మిదో బొమ్మ మాయమైపోతుంది. అందుకని అప్పటివాళ్లు ఒక్కో క్షణం ఒక్కోదాన్ని మాయం చేస్తూ పోయేవాళ్లు. బొమ్మలన్నీ మినుకు మినుకుమంటూ ఉండేవి. మా గేము చివర మిద్దె మీద పదిమంది ఒకే వరసలో నిలబడతారు. నేను పదిమందినీ నిలకడగా చూపిద్దామన్నాను. అన్న వద్దన్నాడు. లెక్క తప్పవద్దన్నాడు. చివరికి తన మాటే నెగ్గింది. మిద్దె మీది మనుషులు మినుకుమంటూనే ఉన్నారు.

ఇంటర్నెట్‌లో ఇలాంటి గేములు అమ్మే చోట దాన్ని పెట్టాం. బడాయి మాటలేవీ రాయలేదు. అన్న చూపు గురించి రాద్దామా అని నేనడిగితే, "జాలి పడి కొనొద్దు," అన్నాడు. కొన్నవాళ్లు కొద్దిమంది. అభిప్రాయాలు రాసినవాళ్లు ఇంకా కొద్దిమంది. ఒకరు బాగుందని రాశారు. మిగిలినవి అలా లేవు. చుక్కలు ఇంత పెద్దవిగా వేయడం బద్ధకమని ఒకరు, పాత రోజుల మోజును అమ్ముకునేవాళ్లలో వీళ్లూ చేరారని ఇంకొకరు. చివర్లో మనుషులు మాయమైపోతున్నారు, ఈమాత్రం కూడా సరిచూసుకోరా అని మరొకరు.

అన్న సాయంత్రం కాగానే అడిగేవాడు. "ఏమన్న రాసిన్రా?"

నేను చదివేదాన్ని. ఉన్నవి కాదు. నీళ్లు చాలా బాగున్నాయట అని చదివాను. ఎవరో తమ ఊరి వరద గుర్తొచ్చిందన్నారని చదివాను. ముసలావిడ ముఖం మర్చిపోలేమన్నారని చదివాను. అన్న తల ఊపుతూ వినేవాడు. ఒక్కోసారి, "అది మల్లొకసారి చదువు," అనేవాడు. నేను ముందు చెప్పిన మాటలే మళ్లీ అదే వరసలో చెప్పడానికి తడబడేదాన్ని. ఇలా రెండు వారాలు.

ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మామూలుగా అన్నాడు. "నువ్వు చదివినవి, ఫోను చదివినవి వేరేగున్నయి."

తెర మీదున్నది పైకి చదివి వినిపించే ఏర్పాటు ఫోనులో ఉంటుందని నాకు తెలుసు. దాన్ని అన్న ఎప్పటి నుంచో వాడుతున్నాడని కూడా తెలుసు. అయినా అది నాకు తట్టలేదు.

"ఎప్పటి సంది వింటున్నవు?"

"మొదటి రోజు సంది."

"మరి నన్నెందుకు చదివిపించినవు?"

"నువ్వు ఏం జెప్తవో ఇందామని." చాయ్ గ్లాసు కింద పెట్టడానికి నేల తడుముకున్నాడు. "నువ్వు చెప్పినవే మంచిగున్నయి. కానీ ఇగ చదవకు."

నాకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఆ రోజు ముగ్గురం వేరువేరుగా తిన్నాం.

అన్న ఆ గేము మాట మళ్లీ ఎత్తలేదు. మనుషులు మినుకుమంటున్నారన్న దాన్ని సరిచేద్దామా అని ఒకసారి అడిగాను. "నీ ఇష్టం," అన్నాడు. ఆ మాట అన్న తీరుకు నేను చెయ్యి పెట్టలేకపోయాను. ఇంకొక గేము చేద్దామని రెండుసార్లు అన్నాను. రెండోసారి తను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ వానాకాలానికి మధ్యలో మిగిలిన చూపు కూడా దాదాపు పోయింది. వెలుగు ఉందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు అన్న ఉన్‌లో ఒక చోట చీరలు మడతపెట్టి కవర్లలో పెట్టే పని చేస్తున్నాడు. మా దూరపు బంధువు ఒకాయన పెట్టించాడు. మడత అంచులు కలపడం తన వేళ్లకు బాగా వచ్చింది, వంక పెట్టేవాళ్లు లేరు. పొద్దున బంధువు బండి మీద తీసుకుపోతాడు. సాయంత్రం నేను వెళ్లి తీసుకొస్తాను.

పోయిన నెలలో ఒకరోజు కొంచెం ముందే చేరుకున్నాను. లోపల అన్న పక్కన కొత్తగా చేరిన పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు, కరీంనగర్ దిక్కు మనిషి. ఇద్దరూ మడతలు పెడుతూ మాట్లాడుకుంటున్నారు. నేను వచ్చినట్టు అన్నకు తెలియదు.

"చేతులు మంచిగ సాగుతున్నయిరా నీకు," అన్నాడు పెద్దాయన. "ఇంతకుముందు ఏం పనిచేసేటోనివి?"

అన్న చేతిలోని చీర మడత పూర్తి చేశాడు. కవర్లో పెట్టాడు. దాన్ని పక్క దొంతర మీద పెట్టి, పైన అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"ఏం లేదు పెద్దాయనా," అన్నాడు. "ఇంటికాడనే ఉంటుంటి."

నేను గుమ్మం దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి వేసి, చెప్పులు చప్పుడు చేసుకుంటూ మళ్లీ వచ్చాను. "వచ్చినవా?" అంటూ అన్న లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. బయట మిల్లుల షిఫ్టు వదిలారు, రోడ్డు నిండా సైకిళ్లు. "జర ఎడమకు," అన్నాను. జరిగాడు. అమ్మ ఏం కూర వండిందని అడిగాడు. తోటకూర అని చెప్పాను. ఇల్లు చేరేదాకా ఇద్దరం తోటకూర ధర గురించే మాట్లాడుకున్నాం.